నమూనా రైలింజను: గుణపరీక్ష, మూల్యనిర్ణయము

హైదరాబాదునుండి నాగపూరునకు బోవు జాతీయరహదారిపై నిలిచిన నిజామాబాదు జిల్లా బాల్కొండకు నేటికిని రైలుస్టేషను లేకున్నను, ఈ సీమవారికి రైలింజను క్రొత్త వస్తువు గాదు. నిజాం సంస్థానమున సికిందరాబాదునుండి మన్మాడువరకు వేయబడిన మీటరుగేజి మార్గము 20వ శతాబ్ది తొలి సంవత్సరములనుండియు నిజామాబాదు మీదుగా సాగినది. ఆ మార్గమునుండి జానకంపేటకడ చీలిన శాఖ, 1937లో చక్కెర కర్మాగారము నెలకొనిన బోధనునకు చేరినది. 2017లో సంపూర్తి యైన పెద్దపల్లి–నిజామాబాదు మార్గము ఆర్మూరును, మోర్తాడును సైతము పట్టాలకెక్కించినది. ఇట్టి ప్రాంతమున పుట్టి పెరిగిన వారెవరైనను, పెద్ద నగరపు దుకాణమున అద్దాల పెట్టెలో జానెడు పొడవున నిగనిగలాడు నమూనా ఇంజనును చూచినప్పుడు, దానిని కొనుటకు పూర్వము వేసికొనవలసిన ప్రశ్నలు రెండు కలవు: అది ఎంత మంచిది? దానికి ఎంత ఇయ్యవచ్చును? ఈ రెండును ఒక్కటే యని భావించుటవలన కలుగు నష్టము కొంచెము గాదు. మొదటి ప్రశ్నకు కొలబద్ద, త్రాసు, గడియారము ఉత్తరము చెప్పగలవు. రెండవదానికి ఇంజనును జూచి కాక, దానిని కోరు మనుష్యులను జూచి ఉత్తరము చెప్పవలెను.

బాల్కొండనుండి గోదావరి దాటి ఉత్తరమునకు బోయిన నిర్మల్ పట్టణమున, పొనికికర్రతో మలచి రంగులద్దు బొమ్మలు జగత్ప్రసిద్ధములు. అచ్చటి శిల్పి చేసిన పక్షిని జూడగానే పక్షి యని తోచి మనస్సు రంజిల్లినచో అతని పని సార్థకమైనట్లే. దాని ముక్కు ఎన్ని మిల్లీమీటర్లని అడుగువాడు రసహీనుడు. నమూనా ఇంజను విషయమున ఆ ప్రశ్న రసహీనము గాదు, అదియే ప్రథమ ప్రశ్న. ఏలయన ఒక నిజమైన యంత్రమును నిర్ణీతమైన నిష్పత్తిలో తగ్గించితినని అది చెప్పుకొనుచున్నది. ఆ మాట ఎంతవరకు నిలుచునో పరీక్షించుటయే గుణనిర్ణయమునకు నాంది.

నిష్పత్తి, గేజి

జర్మనీలోని గోప్పింగెన్ పట్టణమునకు చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌సిగ్ సంతయందు, అంకెలచే గుర్తింపబడు నియతమైన పట్టాల వెడల్పులతో రైళ్ల నమూనాలను ప్రదర్శించిన నాటినుండి, ఒకరు చేసిన ఇంజను మరియొకరు చేసిన పట్టాలపై నడచుటకు క్రమముగా మార్గ మేర్పడినది. నేడు ప్రపంచమున మిక్కిలి వ్యాప్తిలో నున్న ‘హెచ్ఓ’ పరిమాణమున నిష్పత్తి 1:87, పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. ఈ రెండింటిని హెచ్చించి చూచిన 1435 మిల్లీమీటర్లు వచ్చును. అది ఐరోపా అమెరికాల ప్రామాణిక గేజి. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించినచో 19.3 మిల్లీమీటర్లు రావలెను. కావున భారతీయ బ్రాడ్‌గేజి ఇంజనును 1:87 నిష్పత్తిలో చేసి, దొరకు పట్టాలపై నడువవలెనని 16.5 మిల్లీమీటర్ల చక్రములపై నిలిపినప్పుడు, దాని దేహము సరిగా నుండియు పాదములు దగ్గరకు చేరును. ఎదుటినుండి చూచిన కన్నునకు ఆ లోపము వెంటనే తోచును. సౌకర్యముకొరకు చేసికొన్న ఈ రాజీని తయారీదారు దాచక చెప్పినచో క్షమించవచ్చును. చెప్పనిచో కొనువాడే కొలిచి తెలిసికొనవలెను.

నిజామాబాదు జిల్లావారు తమ పాత మీటరుగేజి ఇంజనును నమూనాగా కోరినచో లెక్క వేరగును. 1000 మిల్లీమీటర్లను 87చే భాగించిన 11.5 వచ్చును, దానికి 12 మిల్లీమీటర్ల పట్టాలు సరిపోవును. జర్మనీలోని న్యూరెంబర్గున లేమన్ సంస్థ 1968లో ప్రవేశపెట్టిన ‘ఎల్జీబీ’ రైళ్లు మీటరుగేజిని మనస్సునం దుంచుకొనియే 1:22.5 నిష్పత్తిని, 45 మిల్లీమీటర్ల పట్టాలను గైకొన్నవి. భాగించి చూచిన 44.4 వచ్చుచున్నది గనుక వ్యత్యాసము అత్యల్పము. ఇక చెరకుతోటల చిన్న రైళ్ల నమూనాలు కోరువారికి, అనగా ఫిజీ ద్వీపపు 610 మిల్లీమీటర్ల గేజివంటి వానిని కోరువారికి, 1:76 నిష్పత్తిలో 8 మిల్లీమీటర్లు రావలసియుండగా, సులభముగా దొరకు 9 మిల్లీమీటర్ల పట్టాలే ఆధారము.

గేజి సరిపోయినపిమ్మట చక్రముల వ్యాసమును కొలువవలెను. మన మీటరుగేజిపై సర్వత్ర నడచిన ఆవిరి ఇంజనులలో ప్రయాణికుల బండ్లకు ప్రధానమైన ‘వైపీ’ తరగతివి 871, సరుకుబండ్లకు ప్రధానమైన ‘వైజీ’ తరగతివి 1074 నిర్మింపబడినవి. వేగమునకై నిర్మితమైన వైపీకి చోదకచక్రములు ఆరు, వ్యాసము 1372 మిల్లీమీటర్లు. భారమునకై నిర్మితమైన వైజీకి చోదకచక్రములు ఎనిమిది, వ్యాసము 1219 మిల్లీమీటర్లు. హెచ్ఓ నిష్పత్తిలో ఇవి క్రమముగా 15.8, 14.0 మిల్లీమీటర్లగును. రెండు మిల్లీమీటర్లకైనను నిండని ఈ భేదమే ఒక ఇంజనునకు పరుగు ముఖమును, వేరొకదానికి మోతగాని స్వరూపమును ఇచ్చుచున్నది. ఖర్చు తగ్గించుకొనుటకై రెండింటికి ఒకే చక్రమును వాడిన నమూనా, పై అలంకరణ మెంత మనోహరముగా నున్నను, మూలమునకు ద్రోహము చేసినట్లే. చక్రపు అంచు లోతు కూడ చూడదగినది. పాత బొమ్మరైళ్లలో పట్టా తప్పకుండుటకై అంచులను అతిగా పెంచెడివారు. 1935లో అమెరికాలో స్థాపితమైన నమూనా రైలు సంఘము ప్రమాణములను నిర్ణయించిన తరువాత, అంచు సన్నగా నుండియు వంపు సరిగా దీర్చిన చక్రము పట్టా తప్పదని స్పష్టమైనది.

బరువు, లాగుడు

నిష్పత్తి సూత్రము ఒక్క విషయమున మాత్రము విఫలమగును, అది బరువు. పొడవు 87వ వంతునకు తగ్గినప్పుడు ఘనపరిమాణము 87ను ముమ్మారు హెచ్చింపగా వచ్చు 6,58,503వ వంతునకు తగ్గును. 2600 అశ్వశక్తి గల్గి 112.8 టన్నులు తూగు ‘డబ్ల్యుడీఎం–2’ డీజిలు ఇంజనును ఈ లెక్కన తగ్గించినచో 171 గ్రాములు మాత్రమే తూగవలెను. అంత తేలికయైన ఇంజను పట్టాలపై జారుచు, కొద్దిపాటి ధూళి తగిలినను విద్యుత్తు నందుకొనలేక ఆగిపోవును. అందువలన విజ్ఞుడైన తయారీదారు లోపల లోహపు దిమ్మెను అమర్చి దానిని 300, 400 గ్రాములవరకు బరువెక్కించును. ఈ విషయమున మూలమును ఉల్లంఘించుటయే మూలమువలె నడిపించుటకు ఉపాయము.

బరువు ఎందులకు పనికివచ్చునో ఒక లెక్కతో చూపవచ్చును. లోహచక్రమునకు లోహపు పట్టాపై గల పట్టు ఇంజను బరువులో సుమారు అయిదవ వంతు. 400 గ్రాముల ఇంజను, చక్రములన్నియు మోటారుతో తిరుగునవియైనచో, 80 గ్రాముల బలముతో లాగును. 130 గ్రాములు తూగు పెట్టె సమతలముపై దొర్లుటకు సుమారు 3 గ్రాముల బలము చాలును గనుక ఇరువదియైదింటికి పైగా పెట్టెలు కదలును. కాని 40 అడుగులకు ఒక అడుగు లేచు ఎత్తుపై ప్రతి పెట్టెకు మరి 3 గ్రాములకు మించి కావలెను. ఇంజను తన్ను తాను ఎక్కించుకొనుటకే 10 గ్రాములు వెచ్చించును. అప్పుడు పదకొండు పెట్టెలకు మించి లాగలేదు. కావున దుకాణదారుడు సమతలపు బల్లపై చూపిన విన్యాసమునకు మురియక, ఎత్తుపై నడిపి చూపుమని అడుగవలెను. కొన్ని ఇంజనులకు ఒకటి రెండు చక్రములపై రబ్బరు వలయములు తొడుగుదురు. వానితో లాగుడు పెరుగును. కాని ఆ చక్రములు విద్యుత్తు నందుకొనజాలవు, కాలక్రమమున రబ్బరు అరిగి సాగిపోవును.

మోటారు పరీక్ష

నమూనా ఇంజను నిజమైన గుణము అతివేగమున గాక అతిమందగతియందు బయటపడును. ఒక మీటరు పొడవు పట్టాను గుర్తించి, ఇంజను దానిని పూర్తిగా ఒక నిమిషమున, నడుమ ఎచ్చటను కుదుపక, ఆగక దాటునేమో గడియారముతో చూడవలెను. హెచ్ఓ నిష్పత్తిలో ఈ గమనము గంటకు సుమారు 5 కిలోమీటర్లకు సమానము. అనగా స్టేషనులో పెట్టెలకు తగులుకొనబోవు ఇంజను నడక. ఈ పరీక్షలో నెగ్గుటకు మోటారు, పండ్లచక్రములు, విద్యుద్గ్రహణము మూడును ఏకకాలమున బాగుండవలెను. మూడు ధ్రువముల ఆర్మేచరు గల చౌక మోటారు మందగతిలో త్రుళ్లుచు నడచును; ఐదు ధ్రువములది మెత్తగా తిరుగును; మోటారు ఇరుసునకు బిగించిన గురుచక్రము (ఫ్లైవీలు) తాను దాచుకొన్న భ్రమణముతో క్షణికమైన విద్యుద్విరామములను దాటించును. ఇంజనునకు గల చక్రములలో ఎంత ఎక్కువ సంఖ్య విద్యుత్తును గ్రహించినచో అంత మేలు. వేసవిలో మన బయలునుండి వచ్చు దుమ్ము పట్టాలపై పేరుకొనునప్పుడు, రెండు చక్రములతో మాత్రమే విద్యుత్తును అందుకొను ఇంజను పదే పదే నిలిచిపోవును.

విద్యుద్వలయమున ఆంపియరుమీటరును కలిపి చూచుట మరియొక పరీక్ష. ఆరోగ్యముగా నున్న ఆధునిక హెచ్ఓ ఇంజను సాధారణముగా అర ఆంపియరునకు లోపలనే విద్యుత్తును గైకొని పరుగెత్తును. అంతకు మించి త్రాగుచు, వెచ్చనై, వాసన విడుచునది గట్టిపడిన కందెనతోనో, బలము తగ్గిన అయస్కాంతముతోనో, అరిగిన బ్రష్షులతోనో బాధపడుచున్నదని గ్రహింపవలెను. ఇవి మరమ్మతునకు లొంగు జబ్బులు గనుక, వీనిని చూచి బేరమాడవచ్చునుగాని విముఖుడు గానక్కరలేదు.

మరమ్మతునకు లొంగని జబ్బు వేరొకటి కలదు. తుత్తునాగమును ముఖ్యాంశముగా కరగించి అచ్చుపోసిన పాత భాగములలో సీసము, తగరము, కాడ్మియము వంటివి లేశమాత్రము కలిసినను, స్ఫటికముల సందులలో తేమ చేరి క్షయము ప్రారంభమగును. దశాబ్దముల తరువాత లోహము ఉబ్బి, వంకరపోయి, బీటలువారి, తుదకు ముక్కలగును. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ సంస్థ అతిశుద్ధమైన తుత్తునాగముతో మిశ్రలోహములను రూపొందించినను, రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు నమూనాలనేకములు ఈ క్షయమునకు గురియైనవి. పాత ఇంజను కొనదలచినవారు పై రంగును గాక క్రింది చట్రమును, చక్రపు ఆకులను భూతద్దముతో చూడవలెను. కేశమంత బీట కనబడినను, చట్రము వెన్ను విల్లువలె వంగినను, ఇంజను నడచుచున్నను దానిని ఆయుర్దాయము తీరిన వస్తువుగానే లెక్కింపవలెను.

మూల్యము

ఇంతవరకు చెప్పినది గుణము. మూల్యము వేరు త్రోవను నడచును. గ్వాలియరు జయవిలాస ప్రాసాదమున భోజనపు బల్లపై సీసాలను మోయుచు అతిథులచుట్టు తిరిగిన వెండిరైలు సుప్రసిద్ధము. నగ కొనువాడు బంగారపు వెలను, మజూరీని వేరు వేరుగ లెక్కించునట్లు దాని విలువను విడదీసి చూచినచో, వెండి కొంత, పనితనము కొంత, ఆ రాజగృహపు చరిత్ర వీని రెండింటికంటె ఎంతయో అధికమని తేలును. మందగతి పరీక్షలో ఆ రైలు ఓడినను దాని విలువ రవ్వంతయైనను తగ్గదు.

సాధారణమైన నమూనాలకు సైతము ఇదియే న్యాయము. విలువను నిర్ణయించు అంశములు ముఖ్యముగా నాలుగు: ఎన్ని తయారైనవి, ఎన్ని మిగిలినవి, ఇది ఎట్టి స్థితిలో నున్నది, దీనిని కోరువారెందరు. వీనిలో చివరిదానిని జనులు మరచెదరు. తమ బాల్యమున చూచిన ఇంజనునే పెద్దవారైన పిమ్మట కొందురు గనుక, ఒక తరము గతించినచో ఆ తరపు ప్రియవస్తువుల గిరాకి కూడ సన్నగిల్లును. స్థితి విషయమున మూలపు రంగు, మూలపు భాగములు, మూలపు అట్టపెట్టె ముఖ్యములు. పాతబడిన ఇంజనునకు ప్రేమతో క్రొత్త రంగు పూయించి విలువ పెంచితినని సంతసించువాడు, సంగ్రాహకుల దృష్టిలో దానిని చాలవరకు తగ్గించినవాడే. కొలది సంఖ్యలో చేతిపనిగా జపాను, కొరియా దేశములలో నిర్మితములైన ఇత్తడి నమూనాలు అధికమూల్యములు. కాని వానిలో అనేకము చూపునకే గాని పరుగునకు గావు. ప్లాస్టికు దేహముతో వేలకొలది తయారైన ఆధునిక ఇంజను పరుగున వానిని మించవచ్చును. అయినను అదే తరగతిని మరియొక సంస్థ మేలైన అచ్చుతో విడుదల చేసిననాడు దాని వెల పడిపోవును. వెల తెలిసికొనగోరువాడు అమ్మకందారు అడుగు ధరను కాక, వేలములలో వస్తువు నిజముగా పోయిన ధరను చూడవలెను; అడుగుట ఆశ, పోయినది సాక్ష్యము.

అట్లగుచో మన నిజామాబాదు మార్గపు ఇంజను నమూనాకు విలువ యెంత? భారతీయ ఇంజనులను పెద్ద విదేశీయ సంస్థలు తయారుచేయుట అరుదు. ఎక్కువగా అవి వ్యక్తుల చేతిపనులు, ఒకటి రెండు ప్రతులకు మించనివి. అరుదైనంతమాత్రమున అంగడిలో వెల పలుకదు, కోరువారు కొలదిమందియే గనుక. కాని అంగడి లెక్కకు రాని ప్రయోజనము వానికి కలదు. సికిందరాబాదు–మన్మాడు మార్గము బ్రాడ్‌గేజిగా మారి చాలకాలమైనది. మీటరు వెడల్పు పట్టాలపై సుమారు 2.7 మీటర్ల వెడల్పు దేహము, అనగా పాదముకంటె రెండింతలన్నర దాటిన మేను, ఎట్లు ఒరగక పరుగెత్తెడిదో ఆ మార్గపు స్టేషనులలో నేడు నిలిచి చూచుటకు వీలులేదు. బ్రాడ్‌గేజిలో ఆ నిష్పత్తి రెండింతలకైనను నిండదు. సరియైన కొలతలతో, సరియైన గేజిపై చేసిన వైజీ నమూనా ఈ సంగతిని ఏ ఛాయాచిత్రముకంటెను స్పష్టముగా చూపును. అదే ఇంజనును 16.5 మిల్లీమీటర్ల పట్టాలపై నిలిపినచో, ఎంత అందముగా నున్నను, చూపవలసిన సత్యమునే మరుగుపరచును.

కావున ఇట్టి నమూనాను చేయువారికిని, చేయించుకొనువారికిని ఒక్క మనవి. ఇంజనుతోపాటు పెట్టెలో ఒక కాగితమును కూడ ఉంచవలెను: ఏ తరగతి, ఏ సంఖ్య గల ఇంజను, ఏ కాలపు రూపము, కొలతలు ఏ నక్షానుండి గ్రహింపబడినవి, ఏవి ఛాయాచిత్రములనుబట్టి ఊహింపబడినవి, ఏయే భాగములలో రాజీపడవలసివచ్చినది, ఎవరు ఏ సంవత్సరమున నిర్మించిరి అనునవి దానిలో నుండవలెను. ఆ కాగితము లేని నమూనాను తరువాతివారు మరల మొదటినుండి కొలిచి శంకింపవలసి యుండును; ఉన్నదానిని నమ్మి ఉపయోగించుకొనగలరు.