జిగురు డబ్బా మూత తీసే ముందు క్లాంపులు లెక్కపెట్టండి

తాతయ్య మంచం విప్పితే నాలుగు అంగుళాల వెడల్పు టేకు చెక్కలు మిగిలాయి. వాటిని పక్కపక్కనే అతికించి నా ల్యాప్‌టాప్‌కి టేబుల్ చేద్దామనుకున్నా. ఆ కర్ర పాడైతే మళ్లీ కొనేది కాదు. అందుకే ముందు లెక్కలు వేశా.

క్లాంప్ ఒత్తిడి చెక్కలో రెండు పక్కలకీ దాదాపు 45 డిగ్రీల్లో విసనకర్రలా విచ్చుకుంటుంది. అంచు చెక్క 4 అంగుళాలైతే, అతుకు దగ్గర ఒక్కో క్లాంప్ 8 అంగుళాలు కాస్తుంది. నా టేబుల్ పొడవు 48 అంగుళాలు. అంటే 6 క్లాంపులు. జి-క్లాంపులు వద్దు, వాటి నోరు చిన్నది. పైప్ క్లాంపులు నయం. తలలు కొనుక్కుని, జీఐ పైపు ప్లంబింగ్ షాపులో మర కొట్టించుకుంటే సరి. (మా వీధి వడ్రంగి పెద్దాయనకైతే తాడు, చెక్క చీలలు చాలు. ఆ చెయ్యి మనకెక్కడిది!)

మూడు కింద, మూడు పైన పెట్టాలి. అన్నీ ఒకవైపే బిగిస్తే పలక వంగిపోతుంది. తడి జిగురుకి ఇనుము తగిలితే టేకు మీద నల్లమచ్చ పడుతుంది, మధ్యలో ప్యాకింగ్ టేప్ వెయ్యండి.

అసలు పని జిగురు లేకుండా బిగించి చూడటం. మన భాషలో డ్రై రన్. సందులోంచి వెలుతురు కనిపిస్తే క్లాంపుతో లాగేయకండి, చిత్రిక పట్టండి. బలవంతంగా మూసిన సందు ఎప్పుడో ఒకప్పుడు విడిపోతుంది.

ఇక ఫెవికాల్ పూశాక తీరిగ్గా ఆలోచించే టైమ్ ఉండదు. అతుకు పొడవునా జిగురు చిన్న పూసల్లా బయటికొస్తే చాలు, ఆపేయండి. ఆ పూసల్ని తడిగుడ్డతో రుద్దొద్దు. రబ్బరులా అయ్యాక ఉలితో గీకితే ఊడొస్తాయి. క్లాంపులు మాత్రం తెల్లారేదాకా విప్పకండి.