మడత ఫోను, మట్టి గాలి

శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 7ను మూసి ఉండగా చేతికిస్తే అది మడత ఫోనని చాలామంది వెంటనే పోల్చుకోలేరు. మూసినప్పుడు దాని మందం 8.9 మిల్లీమీటర్లు, బరువు 215 గ్రాములు. అదే కంపెనీ అదే ఏడాది, 2025లో, తెచ్చిన మామూలు పెద్ద ఫోను ఎస్25 అల్ట్రా 218 గ్రాములు తూగుతుంది. విప్పితే ఎనిమిది అంగుళాల తెర పరుచుకుని, మందం 4.2 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఛార్జింగు వైరు దూర్చే టైప్-సి రంధ్రం ఎత్తే రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి, దాని పైనా కిందా మిగిలేది పల్చటి గోడ మాత్రమే.

విప్పడం మొదట్లో కాస్త కష్టంగానే ఉంటుంది. రెండు పలకలూ అయస్కాంతాల పట్టుతో బిగుసుకుని ఉంటాయి, అంచులు సన్నబడేకొద్దీ గోరు ఆనించే చోటు తగ్గిపోయింది. తెరుచుకున్నాక మాత్రం చదవాలనిపించే తెర. భూరికార్డుల పోర్టల్ మీభూమి నుంచి దించుకున్న అడంగల్ పట్టికను చిన్న ఫోన్లో చూసేవాళ్లు ఒక్కో గడి కోసం పక్కకు జరుపుతూ, పెద్దది చేస్తూ, ఏ వరుసలో ఉన్నామో మరిచిపోతుంటారు. ఇక్కడ సర్వే నంబరూ, పట్టాదారు పేరూ, విస్తీర్ణమూ ఒకే చూపులో అందుతాయి. పత్రికల ఈ-పేపరుకూ అదే సుఖం. నడుమ ఉన్న మడత గీత ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా చూస్తే కనిపిస్తుంది, వేలికి సన్నగా తగులుతుంది, చదువులో పడ్డాక గుర్తుకు రాదు. బల్ల మీద పెట్టి టైపు చేస్తే వెనకవైపు పొడుచుకొచ్చిన కెమెరాల వల్ల ఊగుతుంది.

మన దేశంలో దీని ధర 1,74,999 రూపాయలతో మొదలైంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే అనంతపురం రైతు లెక్కలో ఒక ఫోను దాదాపు 24 క్వింటాళ్ల కాయలు. అయినా 2025 జులైలో ఫోల్డ్ 7, దాని తోటి ఫ్లిప్ ఫోన్లూ కలిపి మొదటి 48 గంటల్లో దేశంలో 2.1 లక్షల ముందస్తు బుకింగులు వచ్చాయని శాంసంగ్ ప్రకటించింది. తయారీ కూడా నోయిడాలోనే. మడత ఫోను ఇక నగరాల వింత వస్తువు కాదు, జిల్లా కేంద్రాలకూ వస్తుంది. అందుకే దాని పుట్టుపూర్వోత్తరాలను అనంతపురం నేలమీద నిలబడి చూడాలి.

తెర వంగాలంటే ముందు అది తనంతట తానే వెలగాలి. పాత ఎల్‌సీడీ తెరల్లో రెండు గాజు పలకల నడుమ ద్రవ స్ఫటికాలు, వాటి వెనక వేరే దీపం ఉండేవి. అంత సరంజామాను మడవడం అయ్యే పని కాదు. 1987లో కొడాక్ కంపెనీ పరిశోధకులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కరెంటు పారిస్తే వెలిగే కర్బన పదార్థాల పల్చటి పొరలతో పనికొచ్చే పరికరాన్ని చేసి చూపించారు. ఓఎల్‌ఈడీకి మూలం అది. వెనక దీపం అక్కర్లేదు కనుక ఆ పొరలను గాజు మీదే వేయాలన్న నియమమూ పోయింది. వేడిని తట్టుకునే పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ గాజు స్థానంలోకి వచ్చింది. 2013 జనవరిలో లాస్ వెగాస్‌లో శాంసంగ్ ‘యూమ్’ పేరుతో వంగే తెరను ప్రదర్శించింది. అక్కడి నుంచి కొనదగ్గ ఫోను రావడానికి మరో అయిదేళ్లు పట్టింది. ఆ పందెంలో మొదట గీత దాటింది పెద్ద కంపెనీ కాదు. రోయోల్ అనే చైనా సంస్థ 2018 అక్టోబరు 31న ఫ్లెక్స్‌పై ఫోనును విడుదల చేసింది. అది 320 గ్రాముల బరువు, మడిస్తే నడుమ పెద్ద సందు. ముందు వచ్చినంత మాత్రాన నిలబడలేకపోయింది, 2024లో ఆ సంస్థ దివాలా తీసింది.

శాంసంగ్ మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ను 2019 ఫిబ్రవరి 20న చూపించింది. మూస్తే మందమైన చోట 17.1 మిల్లీమీటర్లు, బరువు 276 గ్రాములు. రెండు లక్షల సార్లు మడిచినా చెడదని యంత్రాలతో పరీక్షించి మరీ చెప్పింది. రోజుకు వందసార్లు విప్పి మూసినా అయిదేళ్లు దాటే లెక్క. ఏప్రిల్‌లో సమీక్షకుల చేతికి వెళ్లిన ఫోన్లు రోజుల్లోనే పాడయ్యాయి. మడిచిన లెక్క ఎక్కువై కాదు. ది వెర్జ్ పత్రిక సమీక్షకుడు డీటర్ బోన్ ఫోనులో తెర కింద ఏదో చిన్న రేణువు చేరి ఉబ్బెత్తుగా లేచింది, తెర అక్కడ దెబ్బతింది. బ్లూమ్‌బర్గ్ విలేకరి మార్క్ గర్మన్ పైనున్న పల్చటి పొరను కంపెనీ అంటించిన స్క్రీన్ గార్డు అనుకుని పీకేశాడు, అది తెరలో భాగం.

ఈ రెండో పొరపాటును తప్పుపట్టడానికి లేదు. కొత్త ఫోను కొన్న వెంటనే కంపెనీ ప్లాస్టిక్ పొర పీకించి టెంపర్డ్ గ్లాసు వేయించుకోవడం మన ఊళ్లలోనూ ఆనవాయితీయే. మడత ఫోను లోపలి తెరకు ఆ మర్యాద పనికిరాదు. శాంసంగ్ విడుదల వాయిదా వేసి, ఆ పొర అంచులను ఫ్రేము లోపలికి పోయేలా సాగదీసింది, కీలు రెండు కొసల్లో టోపీల్లాంటి మూతలు పెట్టింది, తెర కింద లోహపు పొరలు చేర్చింది. సెప్టెంబరులో కొరియాలోనూ, అక్టోబరులో 1,64,999 రూపాయలకు మన దేశంలోనూ అమ్మకానికి పెట్టింది. మడత ఫోను అసలు శత్రువు ఎవరో ఆ ఏప్రిల్‌లోనే తేలిపోయింది. అది మడత కాదు, దుమ్ము.

ఆ సంగతికి వెళ్లే ముందు గాజు కథ చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ యంత్రంలో అన్నిటికన్నా అందమైన భౌతికశాస్త్రం అక్కడే ఉంది. ఒక పలకను వంచితే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. ఎంత సాగుతుందన్నది పలక మందాన్ని వంపు వ్యాసంతో భాగిస్తే వస్తుంది. అర మిల్లీమీటరుకు పైగా మందం ఉన్న మామూలు ఫోను గాజును మూడు మిల్లీమీటర్ల వ్యాసంలో వంచాలంటే దాని పైభాగం ఇరవై శాతం దాకా సాగాలి. ఏ గాజూ సాగదు, పగులుతుంది. అదే గాజును 30 మైక్రాన్లకు, అంటే తల వెంట్రుకలో సగం కన్నా తక్కువకు దించితే సాగాల్సింది ఒక్క శాతమే. దానికి తోడు కరిగించిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఉపరితలం ముందే నొక్కుకుని ఉండటంతో వంచినప్పుడు ఆ నొక్కుడు పోయాకే సాగుడు మొదలవుతుంది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో ఇలాంటి అతిపల్చటి గాజును మొదటిసారి వాడారు.

గాజు ఒక్కటే కాదు, తెర అంటే పొరల దొంతర: పైన ప్లాస్టిక్, కింద గాజు, వెలిగే పొర, ఆధారపు లోహం, వీటి నడుమ మెత్తని జిగురు. నోటుపుస్తకాన్ని వంచితే కాగితాలు ఒకదానిమీద ఒకటి జారి అంచు ఏటవాలుగా మారుతుంది కదా, జిగురు మెత్తగా ఉండటం వల్ల ఈ పొరలూ అలాగే కొద్దికొద్దిగా జారుకుంటాయి. కీలు కూడా మారింది. తెరను పదునుగా మడవకుండా, కీలు లోపల నీటిబొట్టు ఆకారంలో వెడల్పుగా వంగనిచ్చే పద్ధతి వచ్చింది. వంపు పెద్దదయితే గీత లోతు తగ్గుతుంది, రెండు పలకల నడుమ సందూ పోతుంది.

సన్నబడే పోటీని తీవ్రం చేసింది చైనా కంపెనీలు. 2023లో హానర్ మ్యాజిక్ వీ2 మూసినప్పటి మందాన్ని పది మిల్లీమీటర్ల కిందికి దించింది. 2025 ఫిబ్రవరిలో ఒప్పో ఫైండ్ ఎన్5 దాన్ని 8.93కి తెచ్చింది. శాంసంగ్ ఫోల్డ్ 6 అప్పటికి 12.1 దగ్గరే ఉంది. ఒక్క ఏడాదిలో 3.2 మిల్లీమీటర్లు తీసేయడానికి ఫోల్డ్ 7లో కీలును పల్చగా మార్చారు, తెర కింద టైటానియం పలక పెట్టారు, ఎస్ పెన్నును గుర్తించే పొరను తొలగించారు. పెన్నుతో రాసుకునే అలవాటున్నవాళ్లకు ఇది నిజమైన నష్టం. బ్యాటరీ 4,400 ఎంఏహెచ్ దగ్గరే ఆగింది. మడతల పరీక్ష మాత్రం అయిదు లక్షలకు పెరిగింది.

ఇప్పుడు అనంతపురానికి వద్దాం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే పీఠభూమి ఇది. నైరుతి కాలంలో వాన కన్నా గాలే ఎక్కువ, గాలిమరలు ఈ గుట్టలమీద బారులు తీరిందీ అందుకే. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో వేదావతి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. హగరి అని ఇక్కడివాళ్లు పిలిచే ఆ నది ఇసుక గాలి కాలంలో లేచి పొలాల్లో మేట వేస్తుంది. ఈ నేల గ్రానైట్, నైస్ రాళ్లు శిథిలమై ఏర్పడింది. ఆ రాళ్లలో చివరి దాకా అరగకుండా మిగిలేది క్వార్ట్జ్. మోస్ కొలతలో దాని గట్టిదనం 7. మడత ఫోను లోపలి తెర పైపొర ప్లాస్టిక్ కనుక 2, 3 అంకెల దగ్గరే గీతలు పడుతుంది, గోరు గట్టిదనమే రెండున్నర దాకా ఉంటుంది.

ఫోల్డ్ 7కు ఇచ్చిన రక్షణ గుర్తు ఐపీ48. చివరి 8 నీటికి సంబంధించింది, అది చాలా మంచి అంకె. మొదటి 4 ఘన పదార్థాలకు సంబంధించింది. దాని అర్థం ఒక మిల్లీమీటరు, అంతకన్నా పెద్ద వస్తువు లోపలికి పోకూడదని. గాలికి ఎగిరే ఇసుక రేణువు సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు, ఎర్రమట్టి దుమ్ము అంతకన్నా ఎన్నో రెట్లు సన్నం. కాబట్టి ఈ 4 హగరి ఇసుక నుంచి కాపాడతానని మాట ఇవ్వడం లేదు. మడత లేని ఖరీదైన ఫోన్ల మీద కనిపించే 6 వేరే సంగతి: సన్నని టాల్కం పొడి ఎగురుతున్న పెట్టెలో, లోపలి గాలిని పీల్చేస్తూ గంటల తరబడి ఉంచినా పొడి చొరబడకూడదు.

నీరు ముందు లొంగి, దుమ్ము ఎందుకు లొంగలేదు? సర్క్యూట్లున్న రెండు పలకలనూ, వాటి నడుమ పోయే తీగలనూ జిగురుతో, రబ్బరుతో మూసేస్తే చాలు, కీలు తడిసినా తుప్పు పట్టని లోహం కనుక ఫర్వాలేదు. 2021లో ఫోల్డ్ 3 అలాగే నీటి పరీక్ష గట్టెక్కింది. కానీ కీలు కదలాలి, కదిలే భాగాల నడుమ సందు ఉండాలి, ఆ సందులో దుమ్ము కూర్చుంటుంది. శాంసంగ్ తన వాక్యూమ్ క్లీనర్ల అనుభవంతో కీలు లోపల సన్నని నైలాన్ కేశాలు అమర్చింది, మడిచినప్పుడల్లా అవి దుమ్మును బయటికి ఊడుస్తాయి. ఊడవడం వేరు, రానివ్వకపోవడం వేరు.

ఇంకో చిక్కు ఏ గుర్తూ చెప్పనిది. పొలం గట్టున ఫోను విప్పి ఫొటో చూస్తుండగా గాలి వీస్తే రేణువులు తెర మీదే వాలతాయి. వెంటనే మూస్తే, రెండు సగాల నడుమ క్వార్ట్జ్ రేణువును పెట్టి అయస్కాంతాలతో నొక్కినట్టే. సందు లేకుండా మూసుకోవడం అనే ఘనత ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మూసే ముందు తలకిందులుగా వంచి మెత్తని గుడ్డతో తుడవడం ఒక్కటే మందు. ఎండ కూడా లెక్కలోదే. తయారీదారులు ఫోను వాడకానికి చెప్పే వాతావరణ ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగలు 40 దాటడం మామూలే. పొరలను పట్టి ఉంచే జిగురు వేడికి మరింత మెత్తబడే స్వభావం ఉన్నది, బ్యాటరీ ఛార్జింగూ మందగిస్తుంది. ఆగి ఉన్న కారు డాష్‌బోర్డు మీద దీన్ని వదలకూడదు.

మామూలు ఫోను తెర పగిలితే అనంతపురం రిపేరు దుకాణంలో కాంబో మార్చి సాయంత్రానికి ఇచ్చేస్తారు. దీని లోపలి తెరకు ఆ వెసులుబాటు లేదు. తెర, కీలు, ఫ్రేము ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవి, కంపెనీ సర్వీసు సెంటరుకే పోవాలి, వేలల్లో ఖర్చు.

దుమ్ముకు పూర్తి జవాబు 2025 అక్టోబరులో అమ్మకానికి వచ్చిన గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ ఇచ్చింది. కీలులో పళ్లచక్రాలు తీసేసి కొత్తగా కట్టారు. ఐపీ68 దక్కించుకున్న మొదటి మడత ఫోను అదే. మూస్తే 10.8 మిల్లీమీటర్లు, 258 గ్రాములు, విడుదలైనప్పటి ధర 1,72,999 రూపాయలు. తెర మీద వాలే ఇసుకను అదీ ఆపలేదు, కానీ దుమ్ము సర్క్యూట్ల దాకా పోదన్న హామీ దానికుంది. కొలతల పట్టికలో పక్కపక్కన పెడితే ఫోల్డ్ 7 గెలుస్తుంది: 1.9 మిల్లీమీటర్లు సన్నం, 43 గ్రాములు తేలిక. ఏసీ గదుల్లో పనిచేసేవారికి ఆ తేడా చాలు. రోజూ మోటారు సైకిలు మీద రాయదుర్గం దారిలో తిరిగేవారు, గాలిమరల కింద, తోటల్లో, క్వారీల దగ్గర పని ఉన్నవారు మాత్రం ఆ 43 గ్రాములూ జేబులో మోయడమే మేలు.