ఆర్మ్ లాప్‌టాప్‌లలో వర్చువల్ మెషీన్ల వినియోగం: పల్నాడు ఇంజినీరింగ్ విద్యార్థుల దృష్టితో ఒక పరిశీలన

ప్రవేశిక

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఒకటి ఈ పట్టణంలో ఉంది. అనుబంధ కళాశాలలూ ఉన్నాయి. విండోస్ ఉన్న కంప్యూటరులో లినక్స్‌ను కూడా స్థాపించడం మొదటి సంవత్సరపు ఐటీ వర్క్‌షాప్‌లో ఒక అభ్యాసం. ఉన్న వ్యవస్థను కదపకుండా దాన్ని పూర్తిచేయడానికి వర్చువల్ మెషీన్ అనువైన మార్గం. ముందుగా సిద్ధం చేసిన డిస్క్ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లో అందరికీ పంచితే తరగతి మొత్తానికీ ఒకే వాతావరణం లభిస్తుంది.

మిరప అమ్మిన సొమ్ముతోనో, అప్పు చేసో కొన్న కొత్త లాప్‌టాప్‌లో ఆ ఇమేజ్ తెరుచుకోకపోతే, యంత్రం చెడిందనో తనకు చేతకాలేదనో విద్యార్థి భావిస్తాడు. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్ అయితే ఈ రెండు అనుమానాలూ సరికావు. అసలు కారణమేమిటో వివరించి, పాఠ్యసామగ్రిని అందించే పద్ధతిలో రావలసిన మార్పును సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ఆదేశభాషలు

ప్రతి ప్రాసెసర్‌కూ తనదైన ఆదేశసముదాయం ఉంటుంది. ఇంటెల్, ఏఎమ్‌డి ప్రాసెసర్లది ఎక్స్86 కుటుంబం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ సంస్థ 1985లో రూపొందించిన చిప్‌తో ఆరంభమైనది ఆర్మ్ కుటుంబం. మొబైల్ ఫోన్లలో ఏనాడో స్థిరపడిన ఈ ఆర్మ్, 2020 నవంబరులో ఆపిల్ ఎమ్1తోను, 2024లో స్నాప్‌డ్రాగన్ ఎక్స్ శ్రేణి విండోస్ లాప్‌టాప్‌లతోను విద్యార్థుల బల్లల మీదికి వచ్చింది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువసేపు పనిచేయడం దీని ప్రధానగుణం. కరెంటు కోతలు తెలిసిన ఊళ్లలో దీని విలువను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

పంచడం వేరు, అనువదించడం వేరు

వర్చువల్ మెషీన్‌ను నడిపే హైపర్‌వైజర్ ఏం చేస్తుందన్న విషయంలోనే గందరగోళం ఎక్కువ. నాగార్జునసాగర్ కుడికాలువ మీది లస్కరు తూములు తెరిచి వంతుల ప్రకారం నీరు వదులుతాడు. నీటి గుణాన్ని మార్చడు. హైపర్‌వైజర్ కూడా అంతే. ఉన్న ప్రాసెసర్‌ను పలు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు పంచుతుందే తప్ప, దాన్ని మరో ప్రాసెసర్‌గా మార్చదు. పోపెక్, గోల్డ్‌బర్గ్ 1974లో వర్చువలైజేషన్‌కు చెప్పిన లక్షణాలలో ఒకటి ఇదే: అతిథి వ్యవస్థ ఆదేశాలలో అత్యధికభాగం అసలు ప్రాసెసర్ మీద నేరుగా అమలు కావాలి. ఎక్స్86 ఇమేజ్‌లోని ఆదేశాలు ఆర్మ్ ప్రాసెసర్‌కు అర్థమే కానప్పుడు నేరుగా అమలయ్యే ప్రసక్తి లేదు.

అప్పుడు ద్విభాషి అవసరమవుతాడు. ఆ పనే ఎమ్యులేషన్. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో వెలువరించిన క్యూఈఎమ్‌యూ ఇటువంటిదే. అతిథి ఆదేశాలను చిన్నచిన్న ఖండాలుగా అనువదించి, ఆ అనువాదాన్ని దాచుకొని మళ్లీ వాడుతుంది. అయితే చిక్కు పదాల అనువాదంతో తీరదు. ఒక కోర్ మెమరీలో వరుసగా రాసిన విలువలు ఎక్స్86లో ఇతర కోర్‌లకు అదే వరుసలో కనిపిస్తాయి. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. ద్విభాషి ఆ వరుసను కూడా కాపాడాలి. అందుకు వేగాన్ని వదులుకోవాలి. ఎక్స్86 క్రమాన్ని పాటించే ఏర్పాటును ఆపిల్ తన చిప్‌లలోనే పొందుపరచింది. రొసెట్టా అనువాదకం వేగానికి అదొక ముఖ్యకారణం.

“మిగిలిన పాత ప్రోగ్రాములన్నీ నడుస్తున్నాయి కదా, ఇదొక్కటే ఎందుకు నడవదు?” అన్నది సహేతుకమైన ప్రశ్నే. విండోస్, మ్యాక్ వ్యవస్థలలోని అనువాదకాలు సాధారణ ప్రోగ్రాములను మాత్రమే అనువదిస్తాయి. కెర్నల్‌లో పనిచేసే డ్రైవర్లను అనువదించవు. ఎక్స్86 కోసం తయారైన వర్చువల్‌బాక్స్ వంటి సాధనాల బలమంతా ఆ డ్రైవర్లలోనే ఉంది.

ప్రస్తుతం ఉన్న మార్గాలు

ఆపిల్ ఆర్మ్ యంత్రాలకు 2024లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.1, విండోస్ ఆర్మ్ యంత్రాలకు 2025లో వచ్చిన 7.2 సంచికలు ఉన్నాయి. వీటిలో నడిచేవి ఆర్మ్ అతిథి వ్యవస్థలే. విండోస్‌లో లినక్స్ మాత్రమే కావలసినవారికి డబ్ల్యుఎస్‌ఎల్ చాలు. మ్యాక్‌లో యూటీఎమ్ ఆర్మ్ లినక్స్‌ను వేగంగాను, ఎక్స్86ను క్యూఈఎమ్‌యూ సాయంతో నెమ్మదిగాను నడుపుతుంది. స్థాపక ఫైలు పేరులో ‘ఏఆర్‌ఎమ్64’ అని ఉందో, ‘ఏఎమ్‌డి64’ అని ఉందో చూసి దించుకోవడం ముఖ్యం. మొబైల్ డేటా మీద ఆధారపడిన విద్యార్థికి తప్పు ఫైలు దించుకుంటే ఆ రోజు కోటా అంతా వృథా.

ఇమేజ్ కాదు, తయారీవిధానం

నా అభిప్రాయంలో సమస్య మూలం లాప్‌టాప్‌లో లేదు. పూర్తయిన డిస్క్ ఇమేజ్‌ను పంచే అలవాటులో ఉంది. ఇమేజ్ వండిన కూర వంటిది; అందులోని దినుసులను మార్చలేము. వాగ్రంట్‌ఫైల్, డాకర్‌ఫైల్ వంటివి వండే విధానాన్ని మాత్రమే చెబుతాయి. ఉబుంటు మూలంగా సి కంపైలర్, పైథాన్, మైఎస్‌క్యూఎల్ కావాలని అందులో రాస్తే, ఏ యంత్రంలో నడిపితే ఆ యంత్రానికి తగినవే సమకూరుతాయి. డాకర్‌లో ఒకే పేరు కింద రెండు కుటుంబాల ఇమేజ్‌లనూ ఉంచవచ్చు. వాగ్రంట్‌లో మాత్రం ఎంచుకున్న బాక్స్‌కు ఆర్మ్ రూపం ఉందో లేదో ముందు చూసుకోవాలి. విధానం రాసిన ఫైలు కొన్ని కిలోబైట్లకు మించదు; కావలసిన ప్యాకేజీలను కళాశాల నెట్‌వర్క్ మీదే దించుకోవచ్చు. అధ్యాపకులకు దీనివల్ల ఒక అదనపు శ్రమ తప్పదు: ప్రతి సెమిస్టరుకు ముందు రెండు రకాల యంత్రాలమీదా పరీక్షించాలి.

దీనికి లొంగనివి కొన్ని ఉన్నాయి. వీఎల్‌ఎస్‌ఐ అభ్యాసాలకు వాడే వివాడో ఎక్స్86 యంత్రాలకే పరిమితం. దాన్ని ఎమ్యులేషన్‌లో నడపాలని రాత్రులు వృథా చేసుకోవడం కన్నా ప్రయోగశాలలోని డెస్క్‌టాప్ ముందు కూర్చోవడం, అనుమతి ఉంటే దూరంనుంచి దానికి అనుసంధానం కావడం మేలు. 8086 అసెంబ్లీ అభ్యాసాల సంగతి ఇందుకు విరుద్ధం. డాస్‌బాక్స్ ఆనాటి ప్రాసెసర్‌ను పూర్తిగా అనుకరిస్తుంది. ఆ కాలపు ప్రోగ్రాములు కోరే వేగం అత్యల్పం కనుక, 1978 నాటి ఆ ఆదేశాలు నేటి ఆర్మ్ లాప్‌టాప్‌లో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి.