గాజుముక్కలు, పింగాణీ పెంకులు ప్రాణం పోసుకున్న తోట

చండీగఢ్‌లోని రాక్ గార్డెన్‌కు వెళ్లినవారు ఎక్కువసేపు నిలబడి చూసేది అక్కడి ఆడవారి బొమ్మలను. దూరానికి రంగురంగుల చీరలు కట్టినట్టుంటాయి. దగ్గరకు పోయి చూస్తే అది గుడ్డ కాదు, రంగూ కాదు, ముక్కలైన గాజులు! పక్కనే పగిలిన పింగాణీ కప్పుల పెంకులు ఒళ్లంతా తొడుక్కున్న మగవారి బొమ్మలు, జంతువుల బొమ్మలు బారులు తీరి ఉంటాయి.

ఇదంతా మొదలుపెట్టినది నేక్‌చంద్ సైనీ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు. 1924లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పల్లెలో పుట్టి, దేశ విభజనతో ఇటు వచ్చినవాడు. కొత్త నగరం కోసం పాత ఊళ్లను కూల్చుతుంటే, ఆ శిథిలాలలో మిగిలిన పెంకులను, రాళ్లను సైకిలు మీద అడవిలోకి చేరవేశాడు. అది కట్టడాలు నిషేధించిన భూమి. అందుచేత ఉద్యోగం ముగిశాక, ఎవరి కంటా పడకుండా 1957 ప్రాంతం నుంచి సుమారు 18 ఏళ్లు ఒక్కడే పని చేశాడు.

గాజును, పింగాణీని ఒకే బొమ్మలో కలపడం చూసినంత తేలిక కాదు. మన పల్లెల్లో ఆడపిల్లలు గాజుముక్కలను దీపం మంట మీద వంచి గొలుసులు అల్లడం చూసినవారికి గాజు ఎంత త్వరగా మెత్తబడుతుందో తెలుసు. పింగాణీ కాలడానికి 1,200 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. ఆ వేడికి గాజు కారిపోతుంది. పోనీ, ముందే కాల్చిన పింగాణీ మీద గాజు కరిగించి అతికిద్దామంటే చల్లారేటప్పుడు చిక్కు. రెండూ ఒకే తీరున ముడుచుకోవు. ఆ లాగుడుకు గాజు బీటలిచ్చి ఊడుతుంది. కొలిమిలో ఈ రెంటినీ కలిపే శిల్పులు ముడుచుకునే తీరు సరిపోయే రకాలను వెతికి, బహు నెమ్మదిగా చల్లార్చవలసి ఉంటుంది.

నేక్‌చంద్ ఈ రెంటినీ కలిపినది సిమెంటుతో. పాత సైకిలు చట్రాలు, ఇనుప తుక్కు ఎముకల గూడు. దాని మీద సిమెంటు కండ. అది తడిగా ఉండగానే పై చర్మంగా గాజులు, పెంకులు గుచ్చడం. వేడితో పని లేదు గనుక రెండూ పక్కపక్కనే ఒదిగాయి. (మనవాళ్లు చేతికి వేసుకునే గాజులను మట్టిగాజులనే అంటారు గదా!) పాడైన విద్యుత్తు పింగాణీ సామాన్లతో ఏకంగా గోడలే లేచాయి.

1970లలో అధికారుల కంట పడేసరికి తోట 12 ఎకరాలకు పాకింది. చట్టప్రకారం కూల్చవలసినదే. కాని ప్రజలు మెచ్చడంతో 1976లో దానిని తెరిచి, ఆయనకు జీతమిచ్చి, 50 మంది కూలీలను కూడా ఇచ్చారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. ఇంత జరిగినా కష్టాలు తీరలేదు. 1990 ప్రాంతంలో రోడ్డు కోసం బుల్‌డోజర్లు వస్తే నగర పౌరులు చేయి చేయి పట్టుకుని అడ్డు నిలిచారు. 1996లో ఆయన విదేశంలో ఉండగా దుండగులు బొమ్మలను విరగ్గొట్టారు.

నేక్‌చంద్ 2015 జూన్‌లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2025 మార్చిలో హైకోర్టు వైపు రోడ్డు వెడల్పు చేయడానికి, వాహనాలు నిలపడానికి అంటూ తోట గోడలో కొంత భాగాన్ని కూల్చారు. పౌరులు ఈసారీ వచ్చి నిరసన తెలిపారు గాని గోడ నిలవలేదు.