స్మాల్‌టాక్‌లో ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపితే డీబగ్గర్ బదులు మన డైలాగ్ రావాలంటే?

ఫోన్‌లో యాప్ ఇరుక్కుపోతే ఆండ్రాయిడ్ ఏం చేస్తుంది? టచ్ చేశాక 5 సెకన్లు ఉలుకూపలుకూ లేకపోతే, యాప్‌ని మూసేయాలా, ఆగాలా అని అడుగుతుంది. ఫారో, స్క్వీక్ లాంటి స్మాల్‌టాక్‌లలో ఆల్ట్, చుక్క కలిపి నొక్కితే (మ్యాక్‌లో కమాండ్, చుక్క) అడగడాలేమీ ఉండవు, నేరుగా డీబగ్గర్ తెరుచుకుంటుంది. మనకి అది వరమే. వాడేవాళ్లకి మాత్రం గందరగోళం.

ముక్త్యాలలో మా బాబాయ్‌కి ఎరువుల కొట్టు ఉంది. ఖాతాలకి నెలాఖరు వడ్డీ కలిపే చిన్న ప్రోగ్రామ్ ఫారోలో రాసిచ్చాను. ఓ రోజు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఎంతకీ అవ్వట్లేదని నువ్వు చెప్పిన మీటలు నొక్కా. ఏదో ఇంగ్లీషు బాక్సు వచ్చింది, ఇంటూ కొట్టేశా."

డీబగ్గర్ మూసేస్తే ఆ ప్రాసెస్ అక్కడితో ముగిసిపోతుంది. సగం ఖాతాలకి వడ్డీ పడింది, మిగతా సగానికి పడలేదు. మళ్లీ రన్ చేస్తే మొదటి సగం రైతులకి రెండుసార్లు పడుతుంది! తప్పు బాబాయ్‌ది కాదు, నాది.

లోపల జరిగేది ఇది. స్క్రీన్‌ని నడిపే ప్రాసెస్ ప్రయారిటీ 40. ఆ మీటల కోసం కాచుకుని ఉండేది అంతకంటే పైన ఉంటుంది. అందుకే మన లూప్ ఎంత బిజీగా ఉన్నా దాన్ని ఆపగలదు.

మన డైలాగ్ కోసం మూడు మార్పులు చేశాను.

1. వడ్డీ లెక్కని ఫోర్క్ చేసి, ప్రయారిటీ 30లో పెట్టాను. స్క్రీన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి "ఆపు" బటన్ పనిచేస్తుంది.

2. బటన్ నొక్కగానే టర్మినేట్ చేయను, ఒక ఫ్లాగ్ మారుస్తానంతే. ఒక్కో ఖాతా పూర్తయ్యాక లూప్ ఆ ఫ్లాగ్ చూసి, సెమాఫోర్ దగ్గర ఆగుతుంది. అప్పుడు "కొనసాగించు", "రద్దు చెయ్యి" అని డైలాగ్ వస్తుంది. కొనసాగించమంటే సెమాఫోర్‌కి సిగ్నల్, రద్దంటే టర్మినేట్. టర్మినేట్ చేసినా ఎన్షూర్ బ్లాకులు నడుస్తాయి, ప్రోగ్రెస్ బార్ మూసే పని అందులో పెట్టాను.

3. వడ్డీ కలిపేది ఖాతాల కాపీలకే. అన్నీ అయ్యాకే అసలువాటి స్థానంలోకి వెళ్తాయి. రద్దు చేస్తే కాపీలు పోతాయి, లెక్క చెడదు.

ఒక్క ఖాతా దగ్గరే లూప్ తిరుగుతూ ఉండిపోతే ఫ్లాగ్ పనిచేయదు. అందుకే ఆల్ట్, చుక్కని తీసేయకండి. అది మనకోసం. డైలాగ్ బాబాయ్ కోసం.