నాలుగు జీబీల కళ్లం

కర్ణాటకలోని శ్రీనివాసపురం తాలూకాలో రాయల్పాడు ఒక హోబళి కేంద్రం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. పని పడితే ఒకనాడు కోలారు, ఇంకొకనాడు మదనపల్లె. ఇలాంటి ఊళ్లో ఒక జెరాక్స్ అంగడి కంప్యూటర్ పొద్దున్నించి ఎన్ని పేజీలు మోస్తుందో చూడండి. పంట అప్పుకు పహణీ కావాలని ఒకరొస్తారు, భూమి పోర్టల్ తెరుస్తారు. దాన్ని మూసేలోపే ఇంకొకరి ఆధార్, మరొకరి పిల్లవాడి స్కాలర్‌షిప్. నడుమ టమాటా ధర చూసుకోవడానికి ఒక పేజీ, ఓ మూల ఎప్పుడూ తెరిచి ఉండే వాట్సాప్ వెబ్. పదకొండు గంటలయ్యేసరికి మౌస్ కదిపితే తెరమీద బాణం తీరిగ్గా కదులుతుంది. గడప దగ్గర పహణీ కోసం వచ్చిన ముసలాయన నిలబడే ఉంటాడు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "క్రోమ్ మెమరీ అంతా తినేస్తా ఉంది, వేరే బ్రౌజర్ ఏసుకోన్నా."

ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే, తినడం అంటే ఏమిటో ముందు తెలియాలి.

రాగులు వామిలో ఉన్నా, పాతరలో ఉన్నా, వాటితో పని చేయాలంటే కళ్లంలోకి తేవాల్సిందే. కంప్యూటర్లో హార్డ్ డిస్క్ పాతర లాంటిది. సరుకు అక్కడ ఏళ్ల తరబడి ఉంటుంది. ర్యామ్ కళ్లం. పని జరుగుతున్నంతసేపే సరుకు అక్కడుంటుంది, కరెంటు పోతే అంతా ఊడ్చుకుపోతుంది. మన అంగడి కంప్యూటర్ కళ్లం నాలుగు జీబీలు అనుకుందాం. అందులో కొంత చోటు విండోస్ ముందే తీసుకుంటుంది, యాంటీవైరస్ కొంత, ప్రింటర్ తాలూకు చిల్లర ప్రోగ్రాములు కొంత. మిగిలిందే బ్రౌజర్‌కు. చోటు చాలనప్పుడు విండోస్ కాసేపటిగా వాడని సరుకును డిస్కులోని పేజ్ ఫైల్ అనే చోటికి మోస్తుంది, మళ్లీ అవసరమైతే వెనక్కి మోసుకొస్తుంది. గిర్రున తిరిగే పాతకాలం హార్డ్ డిస్క్ ర్యామ్ కన్నా వేల రెట్లు నెమ్మది. ముసలాయన నిలబడిన సమయంలో ఎక్కువ భాగం ఈ మోతకూలికే పోతోంది.

ఇక్కడొక అపోహ తీసెయ్యాలి. కళ్లం ఖాళీగా ఉంటే లాభమేమీ లేదు. బ్రౌజర్ ఖాళీ చోటు చూసి ఇంకాస్త సరుకు దగ్గర పెట్టుకుంటే పేజీ వేగంగా వస్తుంది. చోటు చాలక మోత మొదలైనప్పుడే చిక్కు. అందుకే పదహారు జీబీల యంత్రంలో ఎవరో తీసిన అంకెలు మన నాలుగు జీబీలకు పనికిరావు. క్రోమ్ అయితే యంత్రంలో ఎంత ర్యామ్ ఉందో చూసుకుని తన ప్రాసెస్‌ల (విడివిడిగా నడిచే పని ముక్కల) సంఖ్యకు హద్దు పెట్టుకుంటుంది. చోటు తక్కువైతే ఒకే సైటుకు చెందిన ట్యాబులను ఒకే ప్రాసెస్‌లో సర్దుతుంది. ఒకే బ్రౌజర్, రెండు ఇళ్లలో రెండు తిండ్లు.

మరి క్రోమ్‌కు తిండిపోతన్న పేరెందుకొచ్చింది? 2008 సెప్టెంబరు 2న అది బయటికొచ్చే నాటికి ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ని ట్యాబులు తెరిచినా అన్నీ ఒకే ప్రాసెస్‌లో నడిచేవి. ఒకటి కూలితే అన్నీ కూలేవి. క్రోమ్ ట్యాబులను వేర్వేరు ప్రాసెస్‌లలో పెట్టింది. ఒక గది కూలినా పక్క గది నిలబడుతుంది. అయితే ప్రతి గదికీ వేరే పొయ్యి, వేరే గిన్నెలు కావాలి కదా, ఆ ఖర్చంతా మెమరీలో పడింది. ఫైర్‌ఫాక్స్ ఆ దారికి ఆలస్యంగా వచ్చింది. 2016లో కొద్దికొద్దిగా మొదలుపెట్టి, 2017 జూన్‌లో వచ్చిన 54వ వెర్షన్లో పేజీలకు నాలుగు ప్రాసెస్‌ల దాకా ఇచ్చింది. మెమరీ, వేగం రెండూ కుదిరే సంఖ్య అదేనని దాన్ని తయారుచేసే మొజిల్లా అప్పుడు చెప్పుకుంది. "ఫైర్‌ఫాక్స్ తక్కువ తింటుంది" అని నేటికీ వినబడే మాటకు బలం అప్పటి ఆ తేడాయే.

2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం లోకానికి తెలిసింది. అది ప్రాసెసర్ చిప్పుల నిర్మాణంలోనే ఉన్న లోపం. ఒకే ప్రాసెస్‌లో రెండు సైట్లు నడుస్తుంటే, ఒక సైటులోని దొంగ స్క్రిప్టు రెండోదాని రహస్యాలను పసిగట్టే ప్రమాదం ఉందని తేలింది. ఆ ఏడాదే క్రోమ్ 67లో ప్రతి సైటునూ వేరే ప్రాసెస్‌లో బంధించే సైట్ ఐసోలేషన్ కంప్యూటర్లకు అందింది. దీనివల్ల మెమరీ ఖర్చు 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ ఇంజనీర్లే చెప్పారు. ఫైర్‌ఫాక్స్ కూడా 2021 చివర్లో అదే ఏర్పాటు చేసుకుంది. కాబట్టి నాలుగు ప్రాసెస్‌ల నాటి పొదుపు ఈనాటి ఫైర్‌ఫాక్స్‌కు అంటగట్టకూడదు.

ఈ ఖర్చును నేను దుబారా అనను. ఒకే తెర మీద ఒకరి ఆధార్, ఇంకొకరి బ్యాంకు, వేరొకరి భూమి కాగితాలు నడిచే చోట సైటుకూ సైటుకూ మధ్య గోడ ఉండాల్సిందే. తేలిగ్గా ఉందని ఎప్పటిదో పాత బ్రౌజర్ వెర్షన్ వేసుకునేవాళ్లు ఆ గోడలు కూలగొట్టుకున్నట్టే. విండోస్ 7 మీద క్రోమ్ 109తోనే ఆగిపోయింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 దానిమీద ఎక్కదు. అలాంటి యంత్రంలో ఊరివాళ్ల బ్యాంకు పనులు చేయొద్దని చేతులు జోడించి చెబుతాను.

ఇక వేరే బ్రౌజర్ సంగతి. పేర్లు చాలా ఉన్నాయి గానీ పేజీని తెరమీదికి తెచ్చే లోపలి ఇంజన్లు కొన్నే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి అన్నిటికీ క్రోమియమే ఆధారం, ఇంజన్ పేరు బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, యాపిల్ సఫారీది వెబ్‌కిట్. క్రోమ్ నుంచి ఎడ్జ్‌కు మారడమంటే అదే ఇంజన్ మీద వేరే బాడీ కట్టిన బస్సెక్కడం. సీట్లు, సామాను పెట్టుకునే చోటు తేడాగా ఉంటాయి, ఇంజన్ తాగే డీజిల్లో పెద్ద తేడా ఆశించకూడదు. మనకు దగ్గరి బెంగళూరులోనే ఈ కథ ఒకసారి నడిచింది. 2010లో హిడెన్ రిఫ్లెక్స్ అనే సంస్థ ఎపిక్ అనే బ్రౌజర్ తెచ్చింది. భారతీయ భాషల్లో టైపు చేసుకునే వీలు, లోపలే యాంటీవైరస్ పెట్టి, ఫైర్‌ఫాక్స్ పునాది మీద కట్టారు. 2013కల్లా ఆ ఎపిక్ కూడా క్రోమియం మీదికి మారింది. జోహో సంస్థ 2023లో తెచ్చిన ఉలా పునాది కూడా క్రోమియమే. స్వదేశీ బ్రౌజర్ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పోటీలో 2025 మార్చిలో కోటి రూపాయల మొదటి బహుమతి జోహోకే దక్కింది. ఇంజన్ కొత్తగా కట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అందుకే నిజంగా వేరే ఇంజన్ చూడాలంటే విండోస్‌లో మొదట ప్రయత్నించాల్సింది ఫైర్‌ఫాక్స్. మెనూలు తెలుగులోనూ కన్నడలోనూ పెట్టుకోవచ్చు. కానీ పక్కపక్కన పెట్టి కొలిచేటప్పుడు దాదాపు అందరూ ఒక తప్పు చేస్తారు. నాలుగేళ్లుగా వాడుతున్న క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, పేరుకుపోయి ఉంటాయి. కొత్తగా దించుకున్న ఫైర్‌ఫాక్స్ అప్పుడే సున్నం కొట్టిన ఖాళీ ఇల్లు. ఖాళీ ఇల్లే విశాలంగా కనిపిస్తుంది. న్యాయంగా కొలవాలంటే క్రోమ్‌లోనూ ఒక కొత్త ప్రొఫైల్ తెరిచి, అందులో ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా చూసుకోవాలి.

ముందు కంప్యూటర్ ఆపి మళ్లీ వేయండి. రెండు మూడు నిమిషాలాగి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట మెమరీ ఎంత వాడుకలో ఉందో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఒక్క బ్రౌజర్ తెరిచి, మీరు రోజూ వాడే ఐదు పేజీలే, ఒకే వరసలో తెరవండి. ఐదు నిమిషాలు దేన్నీ ముట్టుకోవద్దు. పేజీ వచ్చిన కొత్తలో చెత్త చాలా ఉంటుంది, బ్రౌజర్ దాన్ని తీరిక దొరికాక ఊడుస్తుంది. ఆ తర్వాత అంకె మళ్లీ రాసుకోండి. రెండు అంకెల తేడానే ఆ బ్రౌజర్ అసలు ఖర్చు. ప్రాసెస్‌లను ఒక్కొక్కటిగా కూడితే లెక్క తప్పొచ్చు, ఎందుకంటే కొంత సరుకును అవన్నీ ఉమ్మడిగా వాడుకుంటాయి. కొన్ని కొలమానాలు ఒకే బావిని ప్రతి ఇంటి ఖాతాలోనూ రాసేస్తాయి. మళ్లీ యంత్రం ఆపి, వేసి, రెండో బ్రౌజర్‌తో ఇదే చేయాలి. ఒక్కరోజు లెక్క నమ్మకండి. ప్రకటనలు రోజుకోరకంగా వస్తాయి, వాటితోపాటు అంకె ఊగుతుంది. మూడు రోజులు తీస్తే ఒక నమూనా కనబడుతుంది.

అంకెలతోపాటు ఇంకొకటి చూడాలి. ఐదో పేజీలో ఫారం నింపుతూ మొదటి పేజీకి తిరిగొస్తే అది వెంటనే కనబడుతోందా, తెల్లగా నిలిచిపోతోందా? పహణీ కోసం నిలబడ్డ మనిషికి అంకెలతో పనిలేదు, ఆయనకు ఇదే లెక్క.

ఏ పేజీ ఎంత తింటోందో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ చూపిస్తాయి. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలు. ఒక్కసారి చూస్తే బ్రౌజర్ మీద కోపం సగం తగ్గుతుంది. ప్రకటనలతో నిండిన వార్తల పేజీ ఒక్కటే సాదా ప్రభుత్వ పేజీలు కొన్నింటికి సమానంగా తింటుంటే ఆశ్చర్యపోకండి. సైట్ ఐసోలేషన్ వల్ల వేరే సైటు నుంచి ఫ్రేములో వచ్చే ప్రకటనకూ వేరే ప్రాసెస్ పుట్టొచ్చు. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ లాంటివి మెమరీ మిగిల్చేది ఇక్కడే. యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి బలంతో పనిచేస్తోంది, క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చుకున్నాక అందులో దాని పాత రూపం నడవదు. బ్రేవ్‌లో ఈ పని లోపలే ఉంది. వార్తాపత్రికలు ప్రకటనల మీదే బతుకుతాయని మరవను. ఇష్టమైన పత్రికకు మాత్రం మినహాయింపు ఇవ్వడం నాకు అలవాటు.

వాడని ట్యాబులను నిద్రపుచ్చే ఏర్పాటు ఇప్పుడు అన్నిట్లో ఉంది. ఎడ్జ్‌లో 2021 నుంచి, క్రోమ్‌లో 2022 చివరి నుంచి మెమరీ సేవర్ పేరుతో. ఫైర్‌ఫాక్స్ విండోస్‌లో చోటు బాగా తగ్గినప్పుడు తానే ట్యాబులను దించేస్తుంది. క్రోమ్‌లో నిద్రలేచిన పేజీ మళ్లీ మొదటినుంచి లోడ్ అవుతుంది కాబట్టి, లాగిన్ అయి పని నడుస్తున్న సైట్లను నిద్రపుచ్చొద్దని క్రోమ్ సెట్టింగుల్లో పేరుపేరునా చెప్పిపెట్టుకోండి. బ్రౌజర్ మార్చడానికి ముందు ఈ మెమరీ సేవర్ పెట్టి చూడమంటాను.

ఇంత చేసినా మోత ఆగకపోతే కళ్లమే చిన్నది. ర్యామ్ పెంచాలి. కొనేముందు సెట్టింగుల్లో విండోస్ 32 బిట్ రకమా, 64 బిట్ రకమా చూడండి. 32 బిట్ అయితే నాలుగు జీబీలకు మించి వేసినా అది వాడుకోలేదు, ముందు విండోస్ మార్చాలి. ఆ తర్వాత ర్యామ్ రకం. డీడీఆర్3 ముక్కకూ డీడీఆర్4 ముక్కకూ గాడి ఒకేచోట ఉండదు, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. కరెంటు తీసేసి, లోపలున్న పాత ముక్కను జాగ్రత్తగా విప్పి, కాగితంలో చుట్టుకుని కోలారుకో మదనపల్లెకో తీసుకెళ్లి, దాన్ని చూపించి అదే రకం అడగండి.