ఫిష్ పెడిక్యూర్

గాజు తొట్టిలో పాదాలు ముంచగానే చిరుచేపలు చుట్టుముట్టి మృతచర్మాన్ని గీకి తింటాయి. ఆ గిలిగింతే ఫిష్ పెడిక్యూర్‌కు పెద్ద ఆకర్షణ.

ఈ చేప పేరు గారా రూఫా. పళ్లుండవు. టర్కీలోని కంగాల్ వేడినీటి బుగ్గల్లో వేరే మేత కరువై చర్మపు పొలుసులు తింటుంది. సోరియాసిస్ ఉన్నవారు ఉపశమనం కోసం అక్కడికి వెళ్తుంటారు.

ముప్పంతా స్పా తొట్టితోనే. చేపలు ఈదుతుండగా దాన్ని క్రిమిరహితం చేయలేరు. ఒకరి పాదాలను తాకిన చేపలే మరొకరి దగ్గరికొస్తాయి. 2011లో ఇండోనేషియా నుంచి బ్రిటన్‌కు వచ్చిన ఈ చేపల్లో స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే బ్యాక్టీరియా బయటపడింది. మధుమేహం, కాళ్లపై పుండ్లు, తక్కువ రోగనిరోధక శక్తి ఉన్నవారికి ఈ సరదా నిజంగా ప్రమాదకరం.

చర్మం తినేలా చేపల్ని పస్తులుంచడం క్రూరత్వం కూడా. టెక్సస్, ఫ్లోరిడా సహా అమెరికాలోని పలు రాష్ట్రాలు ఫిష్ పెడిక్యూర్‌ను నిషేధించాయి.